తిట్లలో వాటా

బస్సు వెనక చక్రం ఫుట్‌పాత్ అంచు ఎక్కి దబ్బున దిగింది. లోపల కూర్చున్నవాళ్ళు సీట్లలో ఎగిరిపడ్డారు. బస్సు ఇంకా ఆగనేలేదు, నడపడం నేర్పే క్లైవ్ అందుకున్నాడు.

"వాజక్! అచ్చమైన వాజక్‌వి నువ్వు డారెన్! ఆ ఫుట్‌పాత్ నీకేం అపకారం చేసిందని దాని మీద కక్ష కట్టావు? నువ్వు కూర్చున్నది కారులో కాదు, ఇంటి ముందు వసారాలో. నీ ముందు చక్రాలు కూడా నీ వీపు వెనకాలే ఉన్నాయి. వసారా వీధి మలుపు దాటకముందే ఇల్లంతా తిప్పేస్తావా, పుడ్డింగ్ ముద్దా? చాక్లెట్‌తో చేసిన టీ కెటిల్ నీకంటే పనికొస్తుంది!"

స్టీరింగ్ ముందున్న డారెన్ మెడ ఎర్రబడింది. నవ్వు కూడా వచ్చింది. వేడి టీ పోసిన చాక్లెట్ కెటిల్ అతని కళ్ళముందు కదిలినట్టుంది. మోచేత్తో చెమట తుడుచుకుని మళ్ళీ బయల్దేరాడు. తర్వాతి మలుపు దగ్గర తిప్పబోయి ఆగాడు. ఇంకాస్త ముందుకు పోనిచ్చి, తన సీటు మలుపు దాటిందని తేలాక గానీ తిప్పలేదు. వెనక చక్రం అంచుకు జానెడు దూరంలోంచి సాఫీగా వెళ్ళిపోయింది.

"ఆఁ! బుర్ర ఉంది. దాచుకున్నావు" అన్నాడు క్లైవ్.

తర్వాత వంతు శ్యామసుందరిది. సీటు పైకి లేపుకుంది. అద్దాలు ఒక్కొక్కటే సరిచేసుకుంది. తెనాలిలో పన్నెండేళ్ళు లెక్కల టీచరుగా పనిచేసిన మనిషి, ఏ పనైనా వరస తప్పకుండా చేస్తుంది. టూంగాబీ స్టేషన్ వైపు ఎడమ మలుపు తీసుకుంది. వెనకనుంచి మెత్తగా ఒక కుదుపు వచ్చింది. చక్రం ఎక్కిందా, రోడ్డు మీద గుంటా? అద్దంలో చూసేసరికి మలుపు వెనక్కి వెళ్ళిపోయింది.

క్లైవ్ తిన్నగా ముందుకు చూస్తూ కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నాడు. "థాంక్యూ మిసెస్ శ్యామా. చాలా బాగుంది. కాస్త నిదానం అలవాటైతే ఇంకా బాగుంటుందేమో."

ఆమె తర్వాత ప్రశాంత్. కరీంనగర్ వాడు, ముప్పై ఏళ్ళు లేవు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక ఇటు వచ్చాడు. అతనిదీ అదే మలుపు, అదే కుదుపు. అతనికీ "వెరీ గుడ్, థాంక్యూ" అందింది.

క్లైవ్ ఇంగ్లండులోని బోల్టన్ నుంచి కుర్రతనంలో ఈ దేశం వచ్చాడు. నోరు మాత్రం అక్కడిదే. డిపోలో అతని తిట్టు తినని మనిషి లేడు. మెకానిక్‌ని మపెట్ అంటాడు, క్లీనర్‌ని నంప్టీ అంటాడు, కాఫీ మిషన్‌ని పిల్లక్ అంటాడు. వాళ్ళు వెళ్తూ వెళ్తూ అతని భుజం తట్టి మరీ వెళ్తారు. శ్యామసుందరి దగ్గరికొచ్చేసరికి ఆ నోరు ఇస్త్రీ చేసిన చొక్కాలా అయిపోతుంది.

మొదట్లో ఆమెకది గొప్పగానే ఉండేది. ఇంట్లో చెప్పుకుంది కూడా. "చూశావా, టీచర్‌వని మొహం చూడగానే తెలిసిపోతుంది" అన్నాడు భర్త విజయభాస్కర్. ఆమె బస్సులు నడపడం అతనికి మొదటినుంచీ ఇష్టం లేదు. ఆ గౌరవమొక్కటే అతనికి కాస్త ఊరట.

గురువారం ప్రశాంత్‌కి పరీక్ష పెట్టారు. బయటినుంచి ఎగ్జామినర్ వచ్చింది. అరగంటలో బస్సు తిరిగొచ్చింది. ప్రశాంత్ దిగాడు. చేతిలో నీళ్ళ సీసా మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు, తాగడం లేదు.

"పోయింది మేడమ్. ఎడమ మలుపుల చక్రం పైకెక్కింది. ఒక్కసారి కాదు, ప్రతిసారి ఎక్కుతుందంట. అంత పెద్ద తప్పు మీకు ఎవరు చెప్పలేదా అని ఆమె అడిగింది. ఏం చెప్పాలె?"

డిపో వెనక బెంచీ మీద కూర్చున్నారు ఇద్దరూ. రెండోసారి కూడా పోతే ఇంటికే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. శ్యామసుందరి పరీక్ష సోమవారం.

"ప్రతిసారీ ఎక్కుతుంటే క్లైవ్ ఒక్కసారన్నా ఎందుకు చెప్పలేదు ప్రశాంత్ గారూ? డారెన్‌కి చెప్పాడుగా. చెప్పడం కూడా కాదు, చెవులు చిల్లులు పడేట్టు అరిచాడు."

ప్రశాంత్ సీసా కింద పెట్టాడు. "తప్పు నాదే మేడమ్."

"మీదెందుకవుతుంది?"

"మొదటి వారం... మీరు యాదికి తెచ్చుకోండ్రి. మిమ్మల్ని ఆయన ఏదో అన్నడు. డాఫ్ట్ అని ఇంకేదో. మీరు నవ్వి ఊకున్నరు. నాకు మంచిగనిపియ్యలే. మీరు టీచర్, మా అమ్మంత మనిషి. నేను లోపలికి పోయి మేనేజర్‌కి చెప్పిన. మా దిక్కు పెద్దోళ్ళను గట్ల అనరు, మాకు గీ మాటలు అలవాటు లేవు, మేడమ్ చానా బాధపడ్డరు అని."

"నేను బాధపడ్డానని మీకు చెప్పానా?"

"లేదు మేడమ్."

"మరి?"

"పడ్డరేమో అనుకున్న." అతని గొంతు పూర్తిగా కిందికి దిగిపోయింది. "మీ మర్యాద గురించే చెప్పిన. గదే నన్ను కొట్టింది."

శ్యామసుందరికి కోపం రాలేదు. వచ్చి ఉంటే సులువుగా ఉండేది. ఆ కుర్రాడు చేసింది తమ వైపు ఏ ఇంట్లోనైనా మెచ్చుకునే పని. ఒకరి మర్యాదను వాళ్ళనడక్కుండానే కాపలా కాయడం తమవాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య. కాపలా బాగానే కాశాడు. దాంతోపాటు ఆమెకు రావలసిన పాఠం కూడా గుమ్మం బయటే ఆగిపోయింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర కూతుర్ని అడిగింది. "అనన్యా, వాజక్ అంటే ఏంటే?"

పదో తరగతి పిల్ల పకపకా నవ్వింది. "ఓ మై గాడ్ అమ్మా, హూ కాల్డ్ యూ దట్?"

"నన్నెవరూ అనలేదు. అదే నా బాధ."

"ఇట్స్ లైక్... స్టుపిడ్, బట్ ఫన్నీ. ఓల్డ్ ఇంగ్లిష్ పీపుల్ వాడతారు. మపెట్, వాలీ, ప్లాంకర్, ఆల్ ద సేమ్. నంప్టీ ఈజ్ ద క్యూటెస్ట్."

"మరి మొదటి రోజు ఆయన నన్నన్నాడే, డాఫ్ట్ ఏపెత్, అదేంటి?"

అనన్య ఫోన్‌లో వెతికింది. "వెయిట్... హాఫ్ పెన్నీ వర్త్ అంట. అర పెన్నీ ఖరీదు చేసే ఫూల్. సో రాండమ్!"

"రాండమ్ ఏముందే అందులో? మన కాణీకి కొరగాని మనిషి అదే" అన్నాడు విజయభాస్కర్, పెరుగు కలుపుకుంటూ. అన్నాక తనకే నవ్వొచ్చింది. "మొదటి రోజు నిన్నన్నది అదా? బోల్టన్‌లోనూ బాపట్లలోనూ ఒకటే రేటన్నమాట."

చాలా రోజుల తర్వాత ఆ బల్ల దగ్గర ముగ్గురూ కలిసి నవ్వారు. శ్యామసుందరే ముందు ఆపింది.

"సోమవారం నేనూ ఫెయిలవుతానండీ. ఆయన నన్ను తిట్టకపోతే."

"గౌరవంగా చూస్తున్నాడు కదా, ఇంకేం కావాలి నీకు?" అన్నాడు భర్త. అతని గొంతు మెత్తగా ఉంది. ఈ ఏడాదంతా అతని గొంతు అలాగే ఉంది. పిల్ల కూడా గది తలుపు చప్పుడు కాకుండా వేస్తోంది. కూరలో ఉప్పు ఎక్కువైతే ఇద్దరూ మాట్లాడకుండా తిని లేస్తున్నారు. అక్క జ్ఞానప్రసూన పోయినప్పటినుంచీ శ్యామసుందరిని ఎవరూ ఏమీ అనడం లేదు. ఇక్కడే గిరావీన్‌లో ఖాళీ పార్కింగ్ స్థలంలో కారు నేర్పుతూ, 'అద్దం పెట్టింది బొట్టు చూసుకోడానికి కాదే మొద్దురాచిప్పా' అని స్టీరింగ్ మీద చెయ్యేసి కొట్టేది అక్క. రోజంతా రోగులతో నెమ్మదిగా మాట్లాడే డాక్టరు, చెల్లెలి కోసం ఆ నోరు దాచిపెట్టుకుని వచ్చేది.

శ్యామసుందరి కంచం తీసుకుని లేచింది. సింకు దగ్గర కాసేపు కుళాయి తిప్పకుండానే నిలబడింది.

శుక్రవారం పొద్దున్నే మేనేజరు గదికి వెళ్ళింది. మేనేజరు చిన్న వయసు అమ్మాయి, మంచిది. కుర్చీ చూపించింది, నీళ్ళిచ్చింది, విషయమంతా తల ఊపుతూ విన్నది.

"ఆ మాటలు మీ సంస్కృతిలో అవమానమని మాకు తెలిసింది. అందుకే క్లైవ్‌కి గట్టిగా చెప్పాను."

"నన్నెవరూ అడగలేదు" అంది శ్యామసుందరి.

"అడిగితే మీకు ఇబ్బందిగా ఉంటుందని..."

"నా పేరు మీద తీసుకున్న గౌరవం అది. నాకొద్దు. వెనక్కి తీసుకోండి."

మేనేజరు నిజంగానే ఇరకాటంలో పడింది. ఒకసారి అభ్యంతరం వచ్చాక లేదనుకోవడానికి వీల్లేదు. పొరపాటున ఇంకెవరైనా విని పైకి చెబితే పోయేది క్లైవ్ ఉద్యోగం. మర్యాదగా నేర్పమని అతనికి మళ్ళీ చెబుతానంది. "మర్యాదగానే నేర్పుతున్నాడమ్మా, అందుకే నాకు రావడం లేదు" అని శ్యామసుందరి లేచి నిలబడింది. ఆ అమ్మాయితో వాదించి లాభం లేదు. తలుపు దగ్గరగా వేసి నేరుగా యార్డులోకి నడిచింది.

క్లైవ్ శిక్షణ బస్సు మెట్టు మీద కూర్చుని ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటున్నాడు. ఆమెను చూసి లేవబోయాడు.

"కూర్చోండి. నేను చేసే తప్పు నాకు తెలిసింది. ఎప్పుడు చేస్తున్నానో తెలియడం లేదు. డారెన్‌ని తిట్టినట్టు నన్నూ తిట్టండి."

"కుదరదు మిసెస్ శ్యామా."

"నేనే అడుగుతున్నాను కదా."

"మీరే అడుగుతారు. రేపు ఇంకొకరు మీ తరఫున బాధపడతారు." టీ ఊదుకున్నాడు. "జూన్‌లో రిటైరవుతున్నాను. అప్పటిదాకా నా నోటికి తాళం. మర్యాదగా నేర్పడం నాకు చేతకాదు. ఆ మాట లోపల మేనేజరుకి కూడా చెప్పాను. ఎవరి చక్రం ఎక్కినా నా నోట్లోంచి ముందు తిట్టే వస్తుంది, వెనకాల పాఠం వస్తుంది. ముందుదాన్ని ఆపితే వెనకది రావడం లేదు. క్షమించండి."

ఆ ముసలాయన మొహంలో నిజంగానే సిగ్గు కనపడింది. శ్యామసుందరి యార్డు చివర పసుపు కోన్లు పెట్టి గీసిన ఎడమ మలుపు వైపు చూసింది. ఫుట్‌పాత్ అంచుకి బదులు అక్కడ ఒక పాత దూలం పడుకోబెట్టారు.

"తాళం మీ నోటికి వేశారు. నా నోటికి వెయ్యలేదుగా?"

"అర్థం కాలేదు."

"మీరు నడపండి. నేను ఎలా నడుపుతానో అచ్చం అలాగే నడపండి. టీచరు సీట్లో నేను కూర్చుంటాను."

క్లైవ్ ఆమె వంక చూశాడు. మిగిలిన టీ పక్కన పారబోసి ఫ్లాస్కు మూత బిగించాడు. వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

అతను కూర్చున్న తీరుకే ఆమె తెల్లబోయింది. వీపు నిటారుగా పెట్టాడు, మోచేతులు పక్కటెముకలకు అంటించాడు, గడ్డం కొంచెం పైకెత్తాడు. అది తనే. బస్సు కదిలింది. మలుపు రాకముందే అతని చూపు ఎడమకు వెళ్ళింది, చూపు వెంట చెయ్యి వెళ్ళింది. కింద దూలం కిర్రుమంది.

"ఎక్స్‌క్యూజ్ మీ క్లైవ్, కొంచెం ముందుగా తిప్పారేమో" అంది.

"థాంక్యూ మిసెస్ శ్యామా" అన్నాడు క్లైవ్. చుట్టూ తిప్పుకొచ్చి మళ్ళీ అలాగే ఎక్కించాడు.

"దయచేసి ఇంకాస్త ఆగి తిప్పండి."

"తప్పకుండా." మళ్ళీ ఎక్కించాడు. ఆమె మాట అతని చెవిదాకా చేరి, అక్కడ చెప్పులు విడిచి, లోపలికి రాకుండానే తిరిగి వెళ్ళిపోతున్నట్టుంది. ఇన్నాళ్ళూ తన చెవి దగ్గర జరిగిందీ అదే.

నాలుగోసారి ఆమె సీట్లోంచి లేచి కడ్డీ పట్టుకుని నిలబడింది. అద్దంలో వెనక చక్రం కనిపిస్తోంది. క్లైవ్ చూపు ఎడమకు కదలడం కనిపించింది. ఇదే. చెయ్యి కంటే ముందు కన్ను తొందరపడుతోంది.

"ఒరేయ్ మొద్దురాచిప్పా!" అంది తెలుగులో. ఆ గొంతు యార్డు గోడ తగిలి తిరిగొచ్చింది. "కళ్ళు నెత్తికెక్కాయా? అప్పుడే ఎందుకు చూస్తావు అటు? ఏం పెట్టారక్కడ నీకు, పెళ్ళి భోజనమా? నీ సీటు దాటిందా మలుపు? దాటలేదు! ఎదురుగా చూడు... చూడు... చూడు... ఆఁ, ఇప్పుడు తగలడు!"

ఆ మాటలు క్లైవ్‌కి ఒక్కటీ తెలియవు. అయినా చివరి అరుపుకి అతని చెయ్యి తిరిగింది. బస్సు దూలాన్ని తాకకుండా వెంట్రుకవాసిలో వెళ్ళింది.

బ్రేకు వేశాడు. బస్సు బుస్సుమని నిట్టూర్చింది. శ్యామసుందరి కడ్డీ వదల్లేదు. ఆ గొంతు తనది కాదని ఆమెకు తెలుసు. ఎవరిదో కూడా తెలుసు. కళ్ళు తుడుచుకునేదాకా క్లైవ్ అద్దంలోకి చూడలేదు.

"మొదట్లో అన్నారే, దానికి అర్థమేంటి?" అని అడిగాడు కాసేపటికి.

"రాతితో చేసిన గిన్నె. అంత మొద్దు అని."

"రాతి గిన్నె!" క్లైవ్ స్టీరింగ్ మీద తల ఆన్చి నవ్వాడు. ఆ నవ్వుకి భుజాలు కదిలాయి. "చాక్లెట్ కెటిల్ కంటే గట్టిది. ఇంకా ఏమున్నాయి మీ దగ్గర?"

"దద్దమ్మ, బడుద్ధాయి, వెర్రి వెంగళప్ప. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదే మనిషి."

"కుక్క తోకా?"

"మీ చేతిలో స్టీరింగ్ ఇప్పటిదాకా అలాగే ఉంది."

ఆ రోజంతా వాళ్ళు అదే పని చేశారు. ఒకసారి అతను నడిపి ఆమె తిట్టింది. ఒకసారి ఆమె నడిపి తనను తానే తిట్టుకుంది. ఆమె నడిపేటప్పుడు క్లైవ్ కిటికీలోంచి ఆకాశం చూస్తూ కూర్చున్నాడు. చక్రం ఎక్కబోయినప్పుడల్లా అతని పెదాలు కదిలి, మూసుకుని, గొంతులో ఏదో మింగినట్టయ్యేది. ఆ మింగిన చప్పుడు కూడా ఆమెకు పాఠంగానే పనికొచ్చింది.

సోమవారం ఎగ్జామినర్ కాఫీ కప్పు, టాబ్లెట్ పట్టుకుని ఎక్కింది. గుడ్ మార్నింగ్ చెప్పి మరి నోరు విప్పలేదు. మొదటి మలుపు బాగా వచ్చింది, రెండోదీ వచ్చింది. మూడో వీధిలో చెత్త బండి వచ్చే రోజు. డబ్బాలన్నీ రోడ్డు అంచున బారులు తీరి ఉన్నాయి. మలుపు మీద ఒక డబ్బా అడ్డంగా పడిపోయి, మూత రోడ్డు మీదికి నోరు తెరిచింది. అటునుంచి ఒక వ్యాను వస్తోంది. వ్యాను పోతే గానీ వెడల్పుగా తిరగడానికి జాగా లేదు. శ్యామసుందరి బస్సు ఆపింది.

వెనకనుంచి హారన్. మళ్ళీ హారన్. వెనక తొట్టి ఉన్న చిన్న బండి, యూట్ ఒకటి పక్కకొచ్చింది, అద్దం దిగింది. "కదలవే డ్రాంగో!" అని అరిచాడు లోపలి మనిషి. ఆ తిట్టు క్లైవ్ ఊరి సరుకు కాదు, ఈ నేల మీద కాసిందే. అయినా ఈ దేశంలో ఒకరు ఆమెను పూర్తి మనసుతో తిట్టడం మొదటి రోజు తర్వాత ఇప్పుడే. ఆమె చెయ్యెత్తి విన్నానన్నట్టు చూపించి, అలాగే ఆగింది. కన్ను ఎడమకు పోలేదు. వ్యాను వెళ్ళింది. ఎదురుగా చూస్తూ పోనిచ్చింది, పోనిచ్చింది, సీటు మలుపు దాటింది, అప్పుడు తిప్పింది. చక్రం డబ్బా మూతకీ అంచుకీ తగలకుండా నడిచింది.

డిపోకి వచ్చాక ఎగ్జామినర్ పాసయ్యావని రెండు ముక్కల్లో చెప్పి దిగిపోయింది. మెట్టు దగ్గర క్లైవ్ నిలబడి ఉన్నాడు. చెయ్యి చాపాడు.

"కంగ్రాచ్యులేషన్స్, మిసెస్ శ్యామా."

"అంతేనా?"

అతను మేనేజరు కిటికీ వైపు చూశాడు. మళ్ళీ ఆమె వైపు చూశాడు. మాట పెదాల దాకా వచ్చిన సంగతి తెలుస్తూనే ఉంది. "అంతే" అన్నాడు. ఆమె ఆ చెయ్యి అందుకుని గట్టిగా ఊపింది. జూన్ దాకా ఆ నోరు తెరుచుకోదు. దాని కోసం ఇంక ఎదురుచూడనక్కర్లేదని ఆమెకు తెలిసింది.

మర్నాడు ఆమెకు డ్యూటీ లేదు. అయినా పొద్దున్నే డిపోకి వచ్చింది. ప్రశాంత్ రెండో పరీక్ష ఆ మరుసటి రోజే. అతను శిక్షణ బస్సులో ఒక్కడే కూర్చుని అద్దాలు సరిచేసుకుంటున్నాడు. క్లైవ్ వెనక సీట్లో పేపరు తెరిచి పెట్టుకున్నాడు. శ్యామసుందరి ఎక్కి కడ్డీ పట్టుకుని నిలబడింది.

"మేడమ్! మీరెందుకొచ్చిండ్రు?" ప్రశాంత్ లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి. తిప్పండి, చూస్తాను."

యార్డులో మొదటి మలుపు. దూలం కిర్రుమంది. ప్రశాంత్ తలవంచుకున్నాడు. "సారీ మేడమ్."

"సారీ ఎవరిక్కావాలి?" అంది. ఇన్ని వారాలూ అతన్ని 'గారూ' అంటూ వచ్చింది. ఆ మాట ఇప్పుడు అడ్డంగా తగిలింది. దాన్ని తీసి పక్కన పెట్టింది. "ఏం నాయనా ప్రశాంత్, బుర్ర కరీంనగర్‌లో మర్చిపోయి వచ్చావా? అది కూడా పార్సిల్లో తెప్పించుకోవాలా? నా మర్యాదకి కాపలా కాయడం వచ్చు గానీ ఒక చక్రానికి కాపలా కాయడం రాదేంరా, బడుద్ధాయీ!"

ప్రశాంత్ నోరు తెరిచాడు. వెనక సీట్లో పేపరు కిందికి దిగింది. కుర్రాడి మొహం ఎర్రబడి, తర్వాత మెల్లగా విచ్చుకుంది.

"మేడమ్... మీరు గిట్ల కూడ తిడతరా?"

"ఇంకా మొదలుపెట్టలేదు. పోనీ బస్సు."

బస్సు కదిలింది. మలుపు దగ్గరికొచ్చింది. అతని కన్ను ఎడమకు జారబోయింది.

"ఎటు చూస్తున్నావు? ఎదురుగా! ఇంకా ఉంది... ఇంకా ఉంది... వసారా దాటలేదురా సన్నాసీ, ఆగు... ఇప్పుడు!"

తిప్పాడు. దూలం పలకలేదు. ప్రశాంత్ అద్దంలో వెనక్కి చూసి, నమ్మలేక ఆమె వైపు తిరిగాడు. కళ్ళు మెరుస్తున్నాయి. ఆమె మెచ్చుకోలేదు.

"నా మొహంలో ఏముంది? రోడ్డు చూడు" అంది, కడ్డీ మీద పట్టు బిగించి. "మళ్ళీ తిప్పు."